మంచె మీద జ్ఞానోపదేశం

ఆ రోజుల్లో మా కొండ మీద బడి అంటే మొలెత్తు మట్టిగోడలు, పైన గడ్డికప్పు, ఒక నల్లబల్ల, ఆ బల్ల పక్కన తెల్లటి అంగీలో ఎప్పుడూ చెమట పట్టని మదరు. (మా అరకు చలిలో చెమట ఎవరికి పడుతుంది గనక! అయినా మాకదో మహిమలాగే కనిపించేది.) ఇప్పటి పిల్లలు బడి మానేస్తే ఇంట్లో తిడతారు. మమ్మల్ని బడికి వెళ్తే తిట్టేవాళ్ళు. పంట చేతికొచ్చే వేళ పిల్లలంతా పలకలు పట్టుకుని పోతే చేలో చిలకల్ని ఎవరు తోలతారని మా అయ్య గొడవ. చేనికి పోతే బడికెందుకు రాలేదని మదరు గొడవ. ఈ రెండు గొడవల మధ్య తిరిగి తిరిగి నా కాళ్ళు చిన్నప్పుడే గట్టిపడ్డాయి. నోరు అంతకంటే గట్టిపడింది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు. జొన్న గింజ పట్టే రోజుల్లో పెద్దగాలి వచ్చి మా బడికప్పును అమాంతం లేపి గెడ్డ నీళ్ళు దాటించి అవతల పడేసింది. ఇంక బడి లేదని మేము గంతులేస్తుంటే, మదరు ఆ కప్పులేని బడిలోనే నిలబడి, కొత్త గడ్డి కప్పేలోగా ఒకరోజు ఎవరింట్లో వాళ్ళు చదువుకోవాలని చెప్పింది. చదవాల్సింది జ్ఞానోపదేశం: ఆమె అడుగుతుంది, మనం అప్పజెప్పాలి, దేవుడి గురించి అలాంటి ప్రశ్నలూ జవాబులూ. సాయంత్రం గుడిలో ఈ పాఠాలు చెప్పే ఉపదేశి ఇల్లిల్లూ తిరిగి అప్పజెప్పించుకుంటాడు. తప్పు లేకుండా చెప్పినవాళ్ళకే క్రిస్మసునాడు స్వామి నాలిక మీద పెట్టే అప్పం, అదే సత్ప్రసాదం, మొదటిసారి తీసుకునే వరసలో చోటు. ఆ వరసలో నిలబడే ఆడపిల్లలకి తెల్లగౌను, తల మీద తెల్లముసుగు. నా కొలత అప్పటికే తీసుకున్నారు. గౌను సగం కుట్టడమూ అయింది. దాన్ని నేను మదరు ఉండే ఇంటి కిటికీలోంచి చూసి వచ్చాను కూడా. అప్పటిదాకా నా ఒంటి మీద పడిన గుడ్డలన్నీ ఇంకొకరు విడిచినవే. ఆ గౌను మాత్రం నాకోసమే పుట్టినట్టు అనిపించి, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇంట్లో చదువుకోమన్నారు, బాగానే ఉంది. ఇంట్లో ఎవరున్నారు? తెల్లారితే అందరూ చేలోనే. మా అమ్మ తేల్చేసింది. "సదువు కాడికి సదువు, సిలకల కాడికి సిలకలు. మీ మామ్మతో మంచె ఎక్కీ. నోరెలాగూ ఇప్పుతావు గదా, ఆ సదివేదేదో గట్టిగా సదువు." పక్కింటి పిల్ల కూడా నాతో వచ్చింది. ఆ పిల్లని అందరం చిలకమ్మ అనేవాళ్ళం. ఏది ఒకసారి విన్నా అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పేది, అర్థంతో మాత్రం ఏనాడూ పని పెట్టుకునేది కాదు. (చిలకల్ని తోలడానికి చిలకమ్మని తెచ్చావేటని మా మామ్మ ఆ రోజంతా నవ్వింది.)

మామ్మ గురించి చెప్పాలి. మా అయ్యా అమ్మా జ్ఞానస్నానం పుచ్చుకుని ఏసు గుడికి వెళ్ళేవాళ్ళు. మామ్మ మాత్రం కొండదేవతని వదల్లేదు. మా చుట్టుపక్కల పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ బొడ్డు కోసింది ఆవిడే. చుట్ట అంటించి, నిప్పు ఉన్న కొస నోట్లోకి పెట్టుకుని, అడ్డపొగ తాగుతూనే ఊళ్ళో అందరినీ తిట్టగలిగేది.

మేమిద్దరం మంచె ఎక్కాం, మామ్మ కింద కొడవలితో గడ్డి కోస్తోంది. చిలకమ్మ గొంతెత్తి ప్రశ్న అడిగేది, నేను అంతకంటే గొంతెత్తి జవాబు చెప్పేదాన్ని, చిలకలు బెదిరి లేచిపోయేవి. చదువూ కావలీ ఒకేసారి జరుగుతుంటే ఎంత హుషారో! "నిన్ను సృష్టించిన వారెవరు?" అని చిలకమ్మ అరిచింది. నేను జవాబు చెప్పేలోగానే కింద జొన్నల్లోంచి మామ్మ గొంతు వచ్చింది. "మీయమ్మ రెండు రోజులు నొప్పులు పడింది, నాను పట్టుకున్నాను. ఆ పొద్దు ఇంకెవుడూ రానేదు!"

"అది కాదు మామ్మా, దేవుడు!"

"వస్తే నీల్లు కాసి పెట్టమందును గదే!"

ఇలా మధ్యాహ్నం దాకా సాగింది. మేం ఒకటి చెప్పడం, మామ్మ ఒకటి తగిలించడం. సొరకాయ బుర్రలో తెచ్చిన అంబలి తాగి మళ్ళీ మొదలుపెట్టాం. ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మా గొంతులు బొంగురుపోయాయి. "జ్ఞానస్నానము పొందక మరణించువారి గతి యేమి?" అని ఈసారి నేనడిగాను. చిలకమ్మ ఊపిరి బిగబట్టి, "వారు నిత్యాగ్నిలో పడి యెల్లకాలము కాలుదురు!" అని కొండంతా మోగేట్టు అరిచింది. చేలో చిలకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

మామ్మ కొడవలి కింద పెట్టి పైకి చూసింది. "ఎవుల్ని కాలుస్తారంట?"

ఆ మాటల్ని బడిలో వారం రోజులుగా నేనూ వల్లిస్తూనే ఉన్నాను. అవి ఎవరి గురించో మాత్రం అప్పుడే తెలిసింది. గబగబా మంచె దిగి, "మామ్మా, నువ్వు బేగి తానం సేయించుకో" అన్నాను.

"నిన్ననే గెడ్డలో సేసినాను గదే."

"ఆ తానం కాదు. స్వామి నెత్తి మీద నీల్లు పోసి కొత్త పేరు ఎడతారు."

"నా పేరుకేటయింది?" అని చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకుని మళ్ళీ పనిలో పడింది. నేను మళ్ళీ మంచె ఎక్కలేదు. చిలకమ్మ ఒక్కతే ప్రశ్నలడిగి, ఒక్కతే జవాబులు చెప్పుకుంటూ సాయంత్రం దాకా కావలి కాసింది.

పొద్దు వాలుతుండగా ఉపదేశి వచ్చాడు. చేతిలో ఎప్పుడూ గంట ఉండేది గనక మేం గంట ఉపదేశి అనేవాళ్ళం. ఇంటి దగ్గర ఎవరూ లేకపోతే వెతుక్కుంటూ చేనికే వచ్చాడు పాపం, పంచె నిండా పల్లేరుకాయలతో. మంచె కిందే పరీక్ష. చిలకమ్మ మొదటినుంచి చివరిదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. తర్వాత నేను. అన్నీ చెప్పాను. ఆఖరిది అడిగాడు. నేను నోరు మూసుకున్నాను.

"రాదా?" అన్నాడు.

"వొచ్చు."

"అయితే సెప్పు."

"సెప్పను."

ఆయన ముఖం చూడాలి! రాదని ఏడ్చే పిల్లల్ని చూశాడు గానీ, వచ్చి చెప్పననే పిల్లని ఆయన అంతకుముందు చూసినట్టు లేదు. "తెల్లగౌను ఇవ్వరే" అన్నాడు. అయినా సెప్పనన్నాను. ఇంతలో మామ్మ వచ్చి, నావైపు మాట్లాడుతుందనుకుంటే, "సెప్పీయే గుంటా, బేగి సెప్పీసి గౌను తెచ్చుకో. నిప్పే గదా! నోట్లో నిప్పెట్టుకుని తిరిగేదాన్ని, నాకేటి బయ్యం? ఈ సలికొండ మీద కంటే అక్కడే ఎచ్చగా ఉంటాది. మన పెద్దోల్లందరూ అక్కడే ఉంటారు" అంది.

దాంతో నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఉపదేశి వైపు తిరిగి, "నువ్వే సెప్పు. మా మామ్మ మొకం సూసి నువ్వు సెప్పు, అప్పుడు నానూ సెప్తాను" అన్నాను.

ఆయన మామ్మ వైపు చూశాడు. మామ్మ ఆయన వైపు చూసింది. "నీ బొడ్డూ నానే కోసినాన్రా" అంది మెల్లిగా, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు. ఆయన దగ్గాడు. కారణం లేకుండా గంట ఒకసారి మోగించాడు. పంచెకున్న పల్లేరుకాయల్ని ఒక్కొక్కటే పీకి పారేసి, చీకటి పడిపోతోందంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం పూజ చెప్పడానికి గుర్రం మీద గడ్డం స్వామి, మా దొర ఫాదరు, వచ్చారు. (మోకాళ్ళ దాకా గడ్డమని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. నిజానికి ఛాతీ దాకానే.) పూజ అయ్యాక వరసలో నిలబడే పిల్లల సంగతి అడిగారు. ఉపదేశి నా దగ్గరికి వచ్చేసరికి, "ఈ పిల్లకి ఆఖరి ప్రశ్న ఇంకా నోటికి రాలేదు స్వామీ, రెండు రోజుల్లో నేర్పిస్తాను" అన్నాడు. ఎంత మంచి అబద్ధం! పట్టుకుని వేలాడితే చాలు, గౌను నాదే. నాకేమో ఒళ్ళు మండిపోయింది. వచ్చినదాన్ని రాలేదంటాడా! "నాకు వొచ్చు! సెప్పనన్నాను!" అని గుడి మధ్యలో అరిచాను. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

స్వామి తెలుగు అంతా పుస్తకాల్లోది. "బాలికా, ఏల చెప్పకున్నావు?" అన్నారు.

"మా మామ్మ నేకపోతే నాను పరలోకం ఎల్లను."

"నీ అవ్వ సంగతి దేవుడు చూచుకొనును. నీవు జవాబు చెప్పుము."

"అయితే ఆ జవాబు దేవుణ్ణే సెప్పమనండి."

స్వామి గడ్డం దువ్వుకున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. "ఈ సంవత్సరము కాదు" అని మాత్రం అన్నారు.

క్రిస్మసునాడు నా గౌను చిలకమ్మ వాళ్ళక్క వేసుకుంది. పొట్టయింది, చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ఆ విషయం నాకు చెప్పలేనంత సంతోషమిచ్చింది. నేను గుడి బయట మామ్మ పక్కన, కట్టెల మంట దగ్గర కూర్చున్నాను. లోపల పాట మొదలయ్యేసరికి ఏడుపు ఆగలేదు. మామ్మ ఓదార్చలేదు. "తెలివితక్కువ గుంట. సెప్పీసి ఉంటే పోయేది" అని తిడుతూ, తన దుప్పటి సగం నా మీద కప్పింది. ఆ తర్వాత నా తల మీంచి చెయ్యి తియ్యలేదు.

మరుసటి ఏడు మళ్ళీ పరీక్ష. ఈసారి గంట ఉపదేశి అన్నీ అడిగి, ఆఖరి ప్రశ్న ముందు పుస్తకం మూసేసి, "అయిపోయింది, ఎల్లి కూకో" అన్నాడు. "ఇంకోటి ఉంది గదా" అన్నాను నేను. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "నోరు మూసుకో గుంటా, నీకు దండం పెడతాను" అన్నాడు. అలా నేను సత్ప్రసాదం తీసుకున్నాను. మామ్మ ఇంకా చాలా ఏళ్ళు బతికింది, ఎవరెన్ని చెప్పినా నెత్తి మీద ఆ నీళ్ళు పోయించుకోలేదు.

ఇప్పుడు నేను అప్పటి మామ్మ కంటే పెద్దదాన్ని. ఈ మధ్య గుడికి ఒక కుర్ర స్వామి వచ్చారు. మాటల సందర్భంలో ఈ కథ చెబితే నవ్వి, "ఆ ప్రశ్న ఇప్పుడు పుస్తకంలో లేదమ్మా, ఎప్పుడో తీసేశారు" అన్నారు. సంతోషించాను. మామ్మకి చెప్పాలనిపించింది. కానీ ఇంటికి నడిచి వస్తూ ఉంటే ఎందుకో కాస్త ఉక్రోషం కూడా వచ్చింది, నవ్వూ వచ్చింది. నన్నొక మాటైనా అడక్కుండా తీసేశారు! ఇప్పటికీ ఆ జవాబు నాకు తడుముకోకుండా వచ్చు. అడిగేవాళ్ళే లేకపోతే, సెప్పనని ఎవరితో అనేది?