వెర్నా ఆరు సిలిండర్ల కారు

వెర్నా కెసెల్ యాభై ఎనిమిదేళ్ళ వయసులో కారు నడపడం నేర్చుకుంది. అంతవరకు ఆమెకు ఆ అవసరం పడలేదు. మెరిగల్ చిన్న ఊరు. బేకరీ, చర్చి, గోధుమ గిడ్డంగి దగ్గర ఆమె పనిచేసే తూకం గది, అన్నీ నడిచిపోయేంత దూరంలోనే ఉండేవి. అంతకన్నా దూరం వెళ్ళాలంటే భర్త డెస్ తీసుకెళ్ళేవాడు.

డెస్ జీవితమంతా జిల్లాలోని మట్టిరోడ్లను చదును చేసే యంత్రం నడిపాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన మురిపెమంతా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న పాత కింగ్స్‌వుడ్ మీదే. మీగడ రంగు కారు. ముందు వైపు సోఫాలాగా ఒకటే పొడుగు సీటు. లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజన్. దాన్ని ముక్కముక్కా విప్పి, శుభ్రం చేసి, తన చేతులతో మళ్ళీ బిగించుకున్నాడు. అంత బలమైన ఇంజన్ పెట్టుకుని కూడా వేగంగా పోయింది ఏనాడూ లేదు. ఆదివారం పొద్దున బండి స్టార్ట్ చేసి, పక్కన స్టూలు వేసుకుని, ఆ గురగుర వింటూ టీ తాగేవాడు. తమ ఇంట్లో రేడియో అదేనని వెర్నా అందరితో అంటుండేది.

ఆ ఏడు గోధుమ కోతలు అయిపోయిన కొద్ది రోజులకే డెస్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మిగిలిన మాట ఒక్కటే, "కాదు". ఆకలేసినా కాదు, బాగుందన్నా కాదు. ఏ 'కాదు'కు అర్థం ఏమిటో ఆయన కనుబొమ్మలు చూసి తెలుసుకోవలసి వచ్చేది. వెర్నా రెండు వారాల్లో ఆ విద్య పట్టేసింది. ఇరుగుపొరుగువాళ్ళం, మాకు చాలాకాలం పట్టింది.

ప్రతి గురువారం డబ్బో పట్నంలో ఆసుపత్రికి వచ్చి వ్యాయామం చేయాలి, మాట నేర్చుకోవాలి అన్నారు డాక్టర్లు. అక్కడికి గంటన్నర దారి. రోగుల కోసం ఒక చిన్న బస్సు వస్తుంది. డెస్ దాంట్లో ఒక్కసారే వెళ్ళాడు. దారిలో ఆయన్ని మూత్రానికి దింపి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత బస్సు వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో వరండా స్తంభాన్ని పట్టుకుని వదిలేవాడు కాడు. వెర్నా చెల్లెలు గ్లెనిస్ తన చిన్న కారు తెచ్చింది. బిగుసుకుపోయిన కాలు అందులో పట్టలేదు. ఆయన సుఖంగా కూర్చోగలిగింది, కూర్చోవడానికి ఒప్పుకున్నది కింగ్స్‌వుడ్‌లోనే.

నేను వాళ్ళ పక్కింటివాణ్ణి, బడిలో మాస్టర్ని. బడి సెలవులున్నన్నాళ్ళు ఆ కారులో నేనే తీసుకెళ్ళాను. బడి తెరిచాక నా పాఠాలు నాకు వచ్చిపడ్డాయి. ఒక గురువారం గ్లెనిస్ వచ్చి ఆ కారు నడిపింది, ఇంకో గురువారం ఎవరూ లేరు. అప్పుడు వెర్నా మా వంటింట్లోకి వచ్చి, తనకు డ్రైవింగ్ నేర్పమని అడిగింది. అడిగిందంటే అడిగినట్టు కాదు. ఎల్లుండి సాయంత్రం మొదలు పెడదామని చెప్పి వెళ్ళిపోయింది.

నేర్చుకునేవాళ్ళ బోర్డు తగిలించి, పక్కన నేను కూర్చుంటే, ఆమె ఆ ఎనిమిది సిలిండర్ల బండిని ఎక్కడికైనా నడపవచ్చు. దానికి ఏ అడ్డూ లేదు. వెనక సీట్లో డెస్ కూర్చునేవాడు. ఆమె మలుపులో బ్రేకు గట్టిగా తొక్కితే వెనకనుంచి "కాదు" అని వినపడేది. "నా ఇద్దరు మాస్టర్లలో ఒకడికి ఒక్క మాటే వచ్చు. అదే నయం" అనేది వెర్నా.

పరీక్ష రెండోసారికి పాసైంది. పరీక్ష పెట్టినాయన కొత్త డ్రైవర్లు తగిలించుకునే ఎర్ర 'పి' పలకలు ఆమె చేతిలో పెట్టి, ఇంకో మాట కూడా చెప్పాడు. పూర్తి లైసెన్సు వచ్చేదాకా, అంటే మూడేళ్ళపాటు, ఎనిమిది సిలిండర్ల కారు నడపకూడదు. ఆ రోజుల్లో నిబంధన అది. కుర్రాళ్ళు బలమైన బండ్లెక్కి చెట్లకు గుద్దుకుని చస్తున్నారని పెట్టారు. అందులో వయసు ప్రసక్తి లేదు. మినహాయింపు అడిగితే, వేరే కారు కొనుక్కోగలిగినవాళ్ళకు ఇవ్వరన్నారు.

వెర్నా బయటికి వచ్చి తాళాలు నా చేతికిచ్చింది. "ఏమీ రానప్పుడు నడపనిచ్చారు. వచ్చాక దిగమంటున్నారు" అంది.

దారి చూపించింది లిండ్సే మోయిల్. డెస్‌తో కలిసి రోడ్ల మీద పనిచేసినవాడు, నోటి దురుసు మనిషి. అదే మోడల్ కారు ఆరు సిలిండర్లతో కూడా వచ్చేదని, అలాంటిది ఒకటి తన పొలంలో కోళ్ళు గుడ్లు పెట్టుకునే చోటుగా పడి ఉందని చెప్పాడు. ఇంజన్ మాత్రం బాగానే ఉంది. దీన్ని దించి దాన్ని ఎక్కించి, ఇంజనీరు చేత తనిఖీ చేయించుకుంటే వెర్నా నిశ్చింతగా నడపవచ్చు. కారు అదే, సీటు అదే.

"డెస్‌కు ఎవరు చెప్తారు?" అన్నాను.

లిండ్సే వెర్నావైపు తిరిగి, "వాడి పెళ్ళాం నువ్వా, నేనా?" అన్నాడు.

వెర్నాయే చెప్పింది. డెస్ "కాదు" అన్నాడు. ఈసారి కనుబొమ్మలు చూడనక్కర్లేకపోయింది. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆమె వేయించిన గొర్రె మాంసం పళ్ళెంలోనే చల్లారిపోయింది. అలా కొన్ని వారాలు గడిచాయి. ఆసుపత్రి వ్యాయామం లేక ఆయన కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోసాగాయి. వెర్నా స్నానం చేయించేటప్పుడు వాటిని ఒక్కొక్కటిగా విప్పేది. అప్పుడు కూడా ఆ ఇంజన్ మాట ఎత్తలేదు.

ఒక శనివారం పొద్దున మా పెరట్లోకి టంగుమని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే వెర్నా షెడ్డులో ఉంది. బానెట్ ఎత్తి, డెస్ పాత చొక్కా తొడుక్కుని, రేడియేటర్ మీద పానా పెట్టి బలవంతంగా తిప్పుతోంది. తిప్పాల్సిన బోల్టు అది కాదని నాక్కూడా తెలుసు. ఈలోగా వెనక చక్రాల కుర్చీ కిర్రుమంది. ఒక్క చెయ్యి, ఒక్క కాలుతో పెరడంతా నెట్టుకుంటూ వచ్చాడు డెస్. మొహం కందగడ్డలా ఉంది.

"కాదు" అన్నాడు. ఎడమచేత్తో కింద ఉన్న చిన్న కుళాయి చూపించాడు.

వెర్నా ఆ కుళాయి తిప్పింది. నీళ్ళు బకెట్లోకి కారాయి. "తర్వాత ఏది?" అంది, ఆయన వైపు చూడకుండా. చాలాసేపటికి ఆయన ఇంకో బోల్టు చూపించాడు.

ఆ పానా తప్పుగా పెట్టడం కావాలని చేసిందా అని తర్వాతెప్పుడో అడిగాను. తనకేం తెలుసు ఇంజన్ల సంగతి అంది వెర్నా. నేను నమ్మలేదు.

ఆ శీతాకాలమంతా శనివారాలు షెడ్డులోనే గడిచాయి. లిండ్సే ఇంజన్ తెచ్చి అందులోని ఈకలు దులిపాడు. పెద్ద ఇంజన్‌ను గొలుసు కప్పీతో పైకి లేపిన రోజు డెస్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, గాల్లో వేలాడుతున్న దాని మీద అరచెయ్యి ఆనించాడు. మేమందరం గొలుసు పట్టుకుని అలాగే నిలబడ్డాం. ఆయన చెయ్యి తీశాకే కిందికి దించాం. "ఒరేయ్ డెస్, నీ పెళ్ళిలో కూడా ఇంత ఏడుపు మొహం పెట్టలేదు కదరా" అన్నాడు లిండ్సే. డెస్ మొహంలో సగం నవ్వింది. నవ్వగలిగింది ఆ సగమే.

చిన్న ఇంజన్ తేలిక కాబట్టి కారు ముక్కు పైకి లేచి, ఆకాశంలోకి చూస్తున్నట్టు కనిపించేది. ముందు స్ప్రింగులు మార్చాక కుదురుకుంది. డబ్బోలో ఇంజనీరు అన్నీ తిప్పి తిప్పి చూసి సరేనన్నాడు.

ఎర్ర పలకలతో వెర్నా బయల్దేరిన మూడో గురువారం ఒక పోలీసు ఆపాడు. కారు పక్క రేకు మీద ఎనిమిది సిలిండర్లని తెలిపే బిళ్ళ ఇంకా మెరుస్తోంది. "అమ్మా, ఈ బండి మీరు నడపకూడదు" అన్నాడు. వెర్నా దిగి బానెట్ ఎత్తింది. అతను వంగి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, కిటికీలోంచి డెస్‌ను అడిగాడు, ఇంజన్ మార్చింది మీరేనా అని. డెస్ "కాదు" అని, బొటనవేలితో వెర్నాను చూపించాడు. ఆ సంగతి వెర్నా ఊరంతా చెప్పుకుంది.

వారాలు గడిచేకొద్దీ డెస్ వేళ్ళు కాస్త విచ్చుకున్నాయి. కర్ర పట్టుకుని నడవసాగాడు. కొన్ని మాటలు వచ్చాయి. నీళ్ళు, తలుపు, లిండ్సే. వెర్నా పేరు మాత్రం పలకలేకపోయేవాడు. వెనక సీట్లో ఖాళీ ఉందని ఊళ్ళో ఆడవాళ్ళు కంటి డాక్టరు కోసం, పంటి డాక్టరు కోసం ఆమె కారెక్కడం మొదలుపెట్టారు. డెస్ ముందు సీట్లో కూర్చుని వాళ్ళ కబుర్లు వినేవాడు.

రెండో ఏడు పొరుగూరి నుంచి ఒకతను వచ్చాడు, తన పాత ట్రక్కుకు మంచి ఇంజన్ వెతుక్కుంటూ. వెర్నా తూకం గదిలో ఉంది. డెస్ కర్రతో షెడ్డుకు నడిచి, పెద్ద ఇంజన్ మీది గుడ్డ తనే లాగేశాడు. దాన్ని కింద ఉన్న బల్లకే బిగించి ఒకసారి స్టార్ట్ చేయమని సైగ చేశాడు. నేనూ అతనూ చేశాం. డెస్ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత ఎడమచెయ్యి చాచి బేరం ఖాయం చేశాడు.

సాయంత్రం వెర్నా వచ్చి ఖాళీ బల్ల చూసింది. నేనెప్పుడూ ఆమెకు అంత కోపం రావడం చూడలేదు. "ఎవర్నడిగి అమ్మావు? పూర్తి లైసెన్సు రాగానే తిరిగి పెట్టిద్దామని రోజూ దుమ్ము దులుపుతున్నాను. ఒక్క మాట చెప్పొద్దా?" అంది. ఏడుపు కూడా వచ్చేసింది.

డెస్ మాట కోసం వెతుక్కున్నాడు. పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. ఆమె ఆగింది. అలా ఆగడం అప్పటికి ఆమెకు అలవాటే.

"నీ," అన్నాడు. చాలాసేపటికి, "కారు."

వెర్నా చొక్కా చేతులతోనే మొహం తుడుచుకుని లోపలికెళ్ళి టీ పెట్టింది.

వాళ్ళిద్దరూ ఆ తర్వాత నాలుగేళ్ళు కలిసి ఉన్నారు, డెస్ పోయేదాకా. ఆ నాలుగేళ్ళలోనే ఒక మే నెలలో వెర్నా ఎవరికీ చెప్పకుండా తూర్పు సముద్రం దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. డెస్ దారంతా నిద్రపోయాడట. ఇసుక పక్కన కారాపి, నీళ్ళవైపు ముక్కు పెట్టి, కాగితంలో వేడి వేడి ఆలూ చిప్స్ తెచ్చి సీటు మధ్యలో పరిచింది. ఆయన లేచి, ముందున్న సముద్రాన్ని చూసి, ఎడమచేత్తో చిప్స్ తినడం మొదలుపెట్టాడట. సీగల్స్ బానెట్ మీద వాలితే తోలడానికి హారన్ కొట్టింది కూడా ఆయనేనని వెర్నా చెప్పింది.