ఆమె పెట్టని టిక్కు

2016, వానకాలం మొదలు. కరీంనగర్ బస్టాండుకు కాస్త దూరంలో కింద బట్టల దుకాణం, పైన మా ఆఫీసు. పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీ. అసలు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ప్రోగ్రాములు అక్కడ రాస్తారు, అవి మొరాయించినప్పుడు తిట్లు ఇక్కడ మేం తింటాం. ఈ తిట్లు తినే పనిని మర్యాదగా సపోర్ట్ అంటారు. జావాలో రాసిన పాత వెబ్‌సైట్లను బాగుచేస్తూ అప్పటికే చాలా ఏళ్లు గడిపాను. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. ఇది చదివాక ఎక్కువో తక్కువో మీరే చెప్పండి.

మేం చూసే వెబ్‌సైట్లలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఒకటి ఉండేది. ఒక విద్యాసంస్థ నడిపేది. మగ్గాల మీద, బీడీల మీద బతికే ఇళ్ల పిల్లలకు అక్కడ హాస్టల్ ఉచితం. దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఆ ఫామ్ చివర ఒక చిన్న చెక్‌బాక్స్, దాని పక్కన "నాకు హాస్టల్ వద్దు, ఇంటి నుంచి వచ్చిపోతాను" అని ఒక వాక్యం. అందులో టిక్కు పడితే ఆ పిల్ల హాస్టల్ సీటు ఇంకొకరికి వెళ్తుంది. అంతే, అక్కడ ఇంకేమీ లేదు.

ఒక పొద్దున ఒక తండ్రీ కూతురూ మా మెట్లెక్కి వచ్చారు. మా ఆఫీసుకు మామూలు జనం రారు, అందుకని మావాళ్లు కింద దుకాణం చూపించబోయారు. ఆయన తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, "కంప్యూటర్ వాళ్లను అడుగుమని కాలేజీల చెప్పిన్రు మేడం" అన్నాడు. పేరు రాజయ్య. మెట్‌పల్లిలో మరమగ్గాల మీద కూలికి చేస్తాడు. పిల్ల పేరు శ్రావణి, ఇంటర్‌లో మంచి మార్కులు, డిగ్రీలో సీటు వచ్చింది. హాస్టల్ జాబితాలో మాత్రం పేరు లేదు.

"మీరే వద్దని టిక్కు వెట్టిన్రు, మమ్మల్నేం జెయ్యమంటరు అంటున్రు" అన్నాడు రాజయ్య. "నేను సాంచలు నడుపుత. ఇంట్ల ఆమె బీడీలు చేస్తది. దినాం మెట్‌పల్లి నుంచి వచ్చి పోవుడంటే అయితదా మేడం? సగం దినం బస్సులనే పోతది. కిరాయి యాడికెల్లి తేవాలె? హాస్టల్ లేకుంటే ఇగ చదువు లేనట్టే."

నేను శ్రావణిని అడిగాను. ఆమె నా వంక చూడకుండా చెప్పింది. "నెట్ సెంటరాయన ఫామ్ కొడుతుంటే పక్కపొంటి కూసున్న మేడం. హాస్టల్ కావాల్నా అని అడిగిండు. కావాలన్న. ఆయన టిక్కు వెట్టలే, నేను చూసిన."

ఆ వెబ్‌సైట్ రాసింది హైదరాబాద్ ఆఫీసులోని మా టెక్ లీడ్ శ్రీకాంత్. ఫోన్ చేశాను. ఆయన అక్కడ డేటాబేస్ తెరిచి చూసి, కులాసాగా చెప్పాడు. "హాస్టల్ వద్దు అనే కాలమ్‌లో ఎస్ ఉంది మేడం. కంప్యూటర్ దానంతట అదే టిక్కు పెట్టుకుంటుందా? యూజర్ మిస్టేక్. లైట్ తీస్కోండి."

యూజర్ మిస్టేక్! మా రంగంలో ఇంత హాయినిచ్చే మాట ఇంకొకటి లేదు. వాడేవాళ్లది తప్పు అనేస్తే చాలు, మన పని అక్కడితో అయిపోతుంది. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడటం వల్ల ఆ మాట రాజయ్య చెవిన కూడా పడింది. ఆయన కూతురి వైపు తిరిగాడు. "చెప్పిన్నా లేదా? సక్కగ చూసుకోవాలె అని చెప్పిన్నా లేదా? పది మందిల మాటలు చెప్పుకుంట కూసున్నట్టున్నవ్. చేతికాడికి వచ్చిన సీటు పోగొట్టినవ్ గదనే!"

ఆ పిల్ల ఏడవలేదు. నేల చూస్తూ, "ఏమో బాపు... నేనే సరిగ్గ చూడకపోయిన్నేమో" అంది. కొంచెం ముందే "నేను చూసిన" అని గట్టిగా చెప్పిన పిల్ల, తన కళ్లను తానే నమ్మడం మానేసింది. నాకు ఒళ్లు మండింది. శ్రీకాంత్ మీద, ఆ డేటాబేస్ మీద, ఆ తండ్రి మీద కూడా.

ఇంతలో కాలేజీ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. వాళ్లను మా దగ్గరికి పంపింది ఆయనే. "ఇంకో రెండు రోజుల్ల లిస్టు ఖరారైతది మేడం. ఆ అమ్మాయితోని ఒక లెటర్ రాయించున్రి. పొరపాటు నాదే, క్షమించున్రి అని రాసిస్తె ఏదో ఒకటి చూద్దాం" అన్నారు. రాజయ్య ముఖం వెలిగింది. నా టేబుల్ మీద ఉన్న తెల్లకాగితం తీసి కూతురి ముందు పెట్టాడు.

"రాసియ్యి బిడ్డా. రాస్తే ఏంబోతది మనది?"

శ్రావణి పెన్ను పట్టుకుంది కానీ రాయలేదు. "నేను చెయ్యలే గద బాపు" అంది మెల్లగా.

"జర ఆగున్రి" అని నేను ఆ కాగితం వెనక్కి లాక్కున్నాను. వాళ్లను కూర్చోబెట్టి, టీ చెప్పి, శ్రావణి దగ్గర నంబరు తీసుకుని, మెట్‌పల్లిలో ఆ నెట్ సెంటర్ నడిపే తిరుపతి అనే అతనికి ఫోన్ చేశాను. మీరు ఫామ్‌లు ఎలా నింపుతారో ఒక్కొక్కటీ చెప్పమన్నాను. గొడవేమోనని అతను కొంచెం భయపడ్డాడు, తర్వాత చెప్పాడు.

"పొద్దుగాల ఒకసారి లాగిన్ అయిత మేడం, మా సెంటర్ ఐడీతోని. పిల్లలు లైన్ల కూసుంటరు. ఒకలది కొట్టుడు అయిపోంగనే కొత్త దరఖాస్తు అని ఒత్తుత, ఇంకొకలది కొడుత. మధ్యల లాగౌట్ ఎందుకు చేస్త? మళ్ల లోపలికి పోవాల్నంటే సర్వర్ సతాయిస్తది. బయట లైన్ల ఉన్నోళ్లు నన్ను తిడుతరు."

"శ్రావణి కంటే ముందు ఎవరిది కొట్టారు?"

"కరీంనగర్ల వాళ్ల మ్యానమామ ఇల్లున్న పిల్లది మేడం. హాస్టల్ అక్కెర లేదన్నది. ఆమెకు టిక్కు వెట్టిన."

అప్పుడు అర్థమైంది. అర్థమైనకొద్దీ కోపం పెరిగింది. ఏమైందో చెప్పాలంటే మా పని గురించి కాస్త చెప్పాలి.

వెబ్ పేజీలో మీరు నింపిన వివరాలు సర్వర్‌కు చేరగానే వాటిని పట్టుకోవడానికి జావాలో ఒక ఆబ్జెక్టు ఉంటుంది. దాన్ని ఫామ్ బీన్ అంటాం. అందులో పేరుకు ఒక గడి, ఊరికి ఒక గడి, ఆ హాస్టల్ టిక్కుకు ఒక గడి. ఈ బీన్‌ను తయారు చేసేది మేం కాదు, మేం వాడే ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ కోడ్. తయారు చేసే సమయానికి దాని దగ్గర ఏ వివరమూ ఉండదు కాబట్టి, ఏ వివరమూ అడగని కన్‌స్ట్రక్టర్‌ను పిలుస్తుంది. అదే డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్. బీన్ పుట్టేటప్పుడు నడిచే కోడ్ అన్నమాట. ఇంటర్వ్యూల్లో దీని గురించి అడగని వాళ్లు లేరు, గడగడా ఒప్పజెప్పని వాళ్లూ లేరు. శ్రీకాంత్ ఆ కన్‌స్ట్రక్టర్‌లో "హాస్టల్ వద్దు" అనే గడిని ఖాళీగా ఉంచమని రాశాడు. ప్రతి దరఖాస్తుకూ కొత్త బీన్ పుడుతుంది, ప్రతిసారీ ఖాళీగా మొదలవుతుంది అని ఆయన లెక్క.

కానీ ఆ బీన్‌ను ఆయనే సెషన్‌లో పెట్టాడు. సెషన్ అంటే లాగిన్ అయినప్పటి నుంచి లాగౌట్ అయ్యేదాకా. అంటే తిరుపతి పొద్దున లాగిన్ అయ్యాక మొదటి పిల్ల దరఖాస్తుతో బీన్ పుట్టింది, కన్‌స్ట్రక్టర్ ఒక్కసారి నడిచింది, ఆ తర్వాత వచ్చిన పిల్లలందరికీ అదే బీన్. కొత్త పేరు వచ్చి పాత పేరు మీద కూర్చుంటుంది, కొత్త ఊరు పాత ఊరి మీద కూర్చుంటుంది. చెక్‌బాక్స్ కథ వేరు. టిక్కు పెడితేనే బ్రౌజర్ సర్వర్‌కు కబురు పంపుతుంది. పెట్టకపోతే లేదు అని కూడా చెప్పదు, ఊరుకుంటుంది. దాంతో ముందు పిల్ల టిక్కు అలాగే మిగిలిపోతుంది. తెర మీద గడి ఖాళీ, లోపల టిక్కు. హోటల్లో ఒకరు తిన్న ప్లేటు కడగకుండా ఇంకొకరికి పెట్టినట్టు. కడగడానికి రీసెట్ అని ఒక మెథడ్, అంటే ఒక కోడ్ ముక్క ఉంది, ప్రతి దరఖాస్తుకు ముందు దానంతట అది నడుస్తుంది. అందులో ఆ గడిని ఖాళీ చేసే లైను శ్రీకాంత్ రాయలేదు.

హైదరాబాద్‌లో టెస్ట్ చేసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఫామ్ నింపి, బాగుందని సంతకం పెట్టారు. మెట్‌పల్లిలో మగ్గం కూలీల పిల్లలు ఇంట్లో కూర్చుని ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు నింపుకుంటారని వాళ్ల ఊహ. ఇక్కడ ఊరికంతా ఒక తిరుపతి, అతనికి ఒక లాగిన్. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఒక్కసారి బస్సెక్కి వచ్చి నెట్ సెంటర్ ముందు నిలబడితే చాలు.

శ్రావణిని నా పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ సర్వర్‌లో చేసి చూపించాను. ఒక ఉత్తుత్తి పేరుతో టిక్కు పెట్టి పంపాను. తర్వాత కొత్త దరఖాస్తు నొక్కి, ఆమెతోనే ఆమె పేరు కొట్టించాను. గడి ఖాళీగా వదిలేసింది, పంపింది. డేటాబేస్ తెరిచాను. ఎస్ అని ఉంది. ఆమె తెరను చూసింది, తండ్రిని చూసింది.

"నేను వెట్టలే బాపు" అంది. ఈసారి గొంతు పెద్దగానే వచ్చింది.

రాజయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని, "ఉత్తగనే తిట్టిన గద బిడ్డా" అన్నాడు.

శ్రీకాంత్‌కు మళ్లీ ఫోన్ చేశాను. అంతా విని, "అవును, రీసెట్ మిస్సయింది. ఒక్క లైను, పెట్టేద్దాం. కానీ మేడం, ఆ అమ్మాయి లెటర్ మాత్రం తీసుకోండి. బగ్ మనదని క్లయింట్‌కి తెలిస్తే కాంట్రాక్టు రెన్యూవల్ కష్టం. లెటర్‌తో ఆ పిల్ల పనీ అయిపోతుంది, మన పనీ అయిపోతుంది. ఎవరికి నష్టం చెప్పండి?" అన్నాడు.

ఎవరికి నష్టమో ఆయనకు చెప్పాను. ఆ మాటలు అచ్చులో పెట్టేవి కావు. మా ఆఫీసు మొత్తం పని ఆపి విన్నది. చేయని తప్పును ఒక పద్దెనిమిదేళ్ల పిల్లతో ఒప్పించి, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, దాని చాటున మన ఉద్యోగాలు కాపాడుకోవాలా? ఫోన్ పెట్టేసి, లాప్‌టాప్ సంకన పెట్టుకుని, తండ్రీకూతుళ్లతో ఆటో ఎక్కి కాలేజీకి వెళ్లాను.

సెక్రటరీ గారి గదిలో, ఆయన కంప్యూటర్‌లోనే, ఆయన చేతులతోనే మళ్లీ అదంతా చేయించాను. ఆయన రెండుసార్లు చేసి చూసి కళ్లద్దాలు తీశారు. శ్రావణి పేరు హాస్టల్ జాబితాలో చేర్చారు. లెటర్ ఊసు మళ్లీ రాలేదు. "మరి ఇట్లనే టిక్కు పడ్డ మిగతా పిల్లలు?" అని అడిగాను. "వచ్చి అడిగినోళ్లకు ఇస్తం మేడం. అడగనోళ్లను మేం యాడ దేవులాడాలె?" అన్నారాయన.

దేవులాడే పని నేను పెట్టుకున్నాను. ఒకే సెషన్‌లో, టిక్కు పెట్టిన దరఖాస్తు వెనక వచ్చిన పేర్లన్నీ డేటాబేస్ నుంచి తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. చాలామందికి జరిగింది తెలుసు. హాస్టల్ రాలేదని తెలుసు, తామే టిక్కు పెట్టారని కాలేజీలో చెప్పారనీ తెలుసు. విని ఇంటికి వెళ్లిపోయారు. ఒక్కరూ ఎదురడగలేదు.

బాసర దగ్గర ఒక ఊళ్లో ఒక అమ్మాయి ఫోన్ ఎత్తింది. నేను ఎవరో చెప్పగానే, నేను విషయం చెప్పకముందే, "సారీ మేడం, నేనే తప్పు వెట్టిన గావచ్చు" అంది. "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అంటే, చదువు బంద్ చేశానని చెప్పింది. "ఫామే సక్కగ నింపరాలే, ఇగ డిగ్రీ ఏం చదువుతవ్ అంటున్రు ఇంట్ల."

ఫోన్ వాళ్ల నాన్నకు ఇమ్మన్నాను. "మీ బిడ్డ ఫామ్ సక్కగనే నింపింది. తప్పు మా కంప్యూటర్‌ది, అంటే మాది. సీటు ఉంది, రేపటిలోగా తీసుకురండి" అన్నాను. ఆయన, "జర ఆగున్రి మేడం, గా ముచ్చట ఇంకోపారి చెప్పున్రి. ఫోన్ పెద్దగ పెడుత, వాళ్లవ్వ గూడ వింటది" అన్నాడు. మళ్లీ చెప్పాను. వెనక నుంచి ఆ పిల్ల తల్లి, "నేను చెప్పలేదా మీకు!" అని అరవడం వినబడింది.

వాళ్లు మర్నాడు వచ్చారు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ఏ ఫిర్యాదు మీదా యూజర్ మిస్టేక్ అని రాయనివ్వను. ముందు ఆ మనిషి ఎక్కడ కూర్చుని, ఎవరి పక్కన, ఎలా నింపిందో అడుగుతాను. కొత్తగా చేరే పిల్లలు డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ అంటే ఏమిటో చెప్పబోతే ఆపి, అది ఎప్పుడు నడుస్తుందో, ఎన్నిసార్లు నడుస్తుందో చెప్పమంటాను. అయితే ఆ జాబితాలో కొందరి ఫోన్లు కలవలేదు. కొన్ని నంబర్లు మారిపోయాయి. ఆ పిల్లలు సీటు పోగొట్టుకున్నది తామేనని ఇవాళ్టికీ అనుకుంటూ ఉంటారు, ఇంట్లో ఆ మాట పడుతూనే ఉంటారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.