హీరోగారి చేతికి నేను కట్టిన కట్టు

కత్తి ముట్టుకోకుండానే ఒక మనిషిని టీవీ వార్తల్లోకి, ఒక ఆసుపత్రిని పోలీసు బందోబస్తులోకి, మా అమ్మను ఉపవాస ప్రార్థనలోకి నెట్టిన సర్జన్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చదవండి. ఆ ఘనురాలిని నేనే. ఒక్క పూటలో ఇంత పని చేశాను.

అప్పటికి నేను ఎముకల డాక్టరు చదువు పూర్తి చేసి, చేతుల సర్జరీలో ప్రత్యేక శిక్షణ కోసం జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. భుజం నుంచి వేలి కొస దాకా మా రాజ్యం. "ఇంకా చదువేంటే ప్రసన్నా? చెయ్యంటే ఎంతుంటుందే!" అని ఏలూరులో మా అమ్మ గోల. ఎంతుంటుందా! అరచేతిలో ఆ కాస్త చోటులోనే ఎముకలు, నరాలు, రక్తనాళాలు, వేళ్ళను ఆడించే తాళ్ళు, అన్నీ పెళ్ళివారి బస్సులో జనంలా ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నటి దారంతో, మైక్రోస్కోపులో చూస్తూ, తెగినవాటిని కలిపి కుట్టాలి. మేం మొదట సాధన చేసేది కోడి కాళ్ళ మీద. నా కుట్లు ఎంత బాగా కుదిరేవంటే, మిగతా కోడి కూడా అందుబాటులో ఉండి ఉంటే అది లేచి నడిచేదే.

ఇలా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మా గురువు రుక్మిణి మేడమ్ మాత్రం మైక్రోస్కోపులో చూసి "ఊఁ" అనేవారు. ఆవిడ పొట్టి మనిషి, మాట ఇంకా పొట్టి. కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఎంత తగ్గితే మనకంత ప్రమాదం.

ఒకరోజు ఆవిడ దగ్గరికి శ్రీశైలం అనే కో-డైరెక్టర్ వచ్చాడు. అంతకు ముందెప్పుడో షూటింగులో తెగిన అతని బొటనవేలిని మేడమే అతికించారు. 

"మేడమ్, మా సినిమాల హాస్పిటల్ సీనున్నది. మా డైరెక్టర్‌కు ఒకటే రంది, డాక్టర్లు చూసి నవ్వుతరేమోనని. జర ఎవరినన్న పంపుండ్రి" అన్నాడు.

మేడమ్ నా వైపు చూశారు. "ప్రసన్నా, వెళ్ళి చూసి రా. ఏదైనా తప్పుంటే చెప్పు. చెప్పు, అంతే."

ఆ "అంతే" నా చెవిలో పడలేదండీ. హీరో ఎవరో అప్పటికే శ్రీశైలం చెప్పేశాడు మరి. ఆయన పేరు మీకు చెప్పను గానీ, మా అమ్మ పర్సులో నాన్న ఫొటో లేకపోయినా ఆయన ఫొటో ఉంటుంది.

ఫిల్మ్ నగర్‌లోని స్టూడియోకి సంచి నిండా సరంజామాతో దిగాను. దూది, మెత్తటి పట్టీలు, ఫైబర్ కట్టు చుట్టలు. పాత సిమెంట్ కట్టులా కాదు ఈ ఫైబర్. నీళ్ళలో ముంచి చుడితే అయిదు నిమిషాల్లో రాయైపోతుంది. దాన్ని విప్పడానికి కరెంటు రంపం కావాలి. అది మాత్రం తీసుకెళ్ళలేదు. కట్టడానికి ఉబలాటపడుతూ వెళ్ళేవాళ్ళకి విప్పడం ఎందుకు గుర్తుంటుంది చెప్పండి?

లోపల ఆసుపత్రి సెట్టు వేశారు. మా ఆసుపత్రి కన్నా అదే ఆసుపత్రిలా ఉంది. అయితే చెయ్యి విరిగిన హీరోగారి మంచం పక్కన మోకాలి ఎక్స్‌రే వేలాడుతోంది. అదీ తలకిందులుగా.

"ఇది మోకాలండీ" అన్నాను.

సెట్టంతా నా వైపు తిరిగింది. డైరెక్టర్‌గారు లేచి వచ్చి నాకు నమస్కారం పెట్టి, "చూశావయ్యా శ్రీశైలం! ఈవిడ రాకపోతే మన పరువు గంగలో కలిసేది" అన్నారు. ఎవరో నాకు కుర్చీ తెచ్చారు. ఇంకెవరో కొబ్బరినీళ్ళు తెచ్చారు. అమ్మా నాన్నా కూడా నన్నెప్పుడూ అంత గౌరవంగా చూడలేదు. నా తల పెరగడం మొదలైంది, దానికి తగ్గట్టు లోపలున్నది కుంచించుకుపోవడమూ మొదలైంది.

అప్పుడు ఆర్ట్ విభాగంవాళ్ళు హీరోగారి కోసం తయారు చేసిన కట్టు తెచ్చి చూపించారు. మేజోడులా తొడుక్కుని మేజోడులా తీసేయొచ్చు. బొటనవేలి దగ్గర పెద్ద బొక్క.

"ఇదా కట్టు!" అని నవ్వాను. "దీన్ని చూస్తే మా మేడమ్ రెండు రోజులు అన్నం తినరు. పదండి, నిజం కట్టు నేనే వేస్తాను."

"వద్దు మేడమ్, గిదే నడుస్తది. సాయంత్రం పాటున్నది" అన్నాడు శ్రీశైలం.

"డాక్టర్లు నవ్వకూడదన్నారా లేదా?"

"అన్నం గానీ..."

"ఏ చేతికి దెబ్బ?"

శ్రీశైలం ఫోన్లో ఫొటో చూపించాడు. పోయిన వారం ఫైటు సీనులో హీరోగారి మణికట్టుకి రక్తం మేకప్ వేసినప్పుడు దిగిన ఫొటో. ఎడమ చెయ్యి. చక్కగా, స్పష్టంగా, ఎడమ చెయ్యి.

హీరోగారు మేకప్ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. ముఖానికి పౌడరు అద్దుతున్నారు. కుడి చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో కథ గురించి మాట్లాడుతున్నారు. నేను వెళ్ళి ఆయన ఎడమ చెయ్యి అందుకున్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే ఇచ్చేశారు. ఆ చెయ్యి పట్టుకున్నందుకు నా గుండె కొట్టుకున్న తీరు వైద్య గ్రంథాల్లో ఎక్కడా లేదు. మెత్తటి పట్టీ చుట్టాను. దాని మీద ఫైబర్ చుట్టాను. అరచేతి మడత దగ్గర ఆగి, బొటనవేలికి చోటు వదిలి, చూసినవాళ్ళు కళ్ళకద్దుకునేలా నున్నగా దిద్దాను. నా జీవితంలో అంత అందమైన కట్టు అంతకు ముందు కట్టలేదు, తర్వాతా కట్టలేదు.

"షాట్ రెడీ!" అని కేక వినిపించింది. హీరోగారు మంచం మీద పడుకున్నారు. లైట్లు వెలిగాయి. శ్రీశైలం ఒక్కసారిగా తల పట్టుకున్నాడు.

"ఏంది మేడమ్ గిది? దెబ్బ కుడి చెయ్యికి గదా!"

"ఫొటోలో ఎడమ చెయ్యే కదండీ?"

"అయ్యో, గది సెల్ఫీ మేడమ్! సెల్ఫీల అంతా ఉల్టా పడ్తది!"

ఫోను లాక్కుని మళ్ళీ చూశాను. హీరోగారి చొక్కా మీద అక్షరాలన్నీ అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. వెంట్రుకలో సగం ఉండే నరాన్ని పట్టుకోగల నా కంటికి, గుమ్మడికాయంత అక్షరాలు ఆనలేదు!

"మరి మీరైనా చెప్పొచ్చు కదండీ!" అని హీరోగారి మీద పడ్డాను.

ఆయన పాపం చాలా మర్యాదస్తులు. "డాక్టరుగారు పట్టుకున్నారంటే అదే అయ్యుంటుంది అనుకున్నానండీ" అన్నారు.

"సరే, ఇప్పేసి అటు కట్టండి" అన్నారు డైరెక్టర్‌గారు.

నేను కత్తెరతో ప్రయత్నించాను. కత్తెర వంగింది. కొబ్బరిబోండాల కత్తి తెస్తానని ఒకరన్నారు. సెట్టు కట్టే వడ్రంగి చేతిరంపం పట్టుకుని నవ్వుతూ దగ్గరికొచ్చాడు. తెర మీద గొడ్డళ్ళకు గుండె చూపించే హీరోగారు మంచం మీంచి ఒక్క గెంతు గెంతి నా వెనక దాక్కున్నారు.

"డాక్టరుగారూ, ఆయన్ని అక్కడే ఆగమనండి!"

"సాయంత్రం రెండు చేతులు లేపి ఎగిరే పాట మేడమ్" అని శ్రీశైలం గొణిగాడు. "సెట్టు, గ్రూపు డ్యాన్సర్లు, అంతా రెడీ ఉన్నరు."

వేరే దారి లేదు. హీరోగారి కారులోనే మా ఆసుపత్రికి బయలుదేరాం. దూరం ఎంతో లేదు గానీ జూబ్లీహిల్స్ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. ఉక్కగా ఉందని హీరోగారు అద్దం దించారు. పక్కన బైకు మీద కుర్రవాళ్ళు చూడనే చూశారు.

"అన్నా! చెయ్యికేమైందన్నా? ఎవడు కొట్టిండన్నా?"

హీరోగారికి హాస్యం ఎక్కువ. నవ్వుతూ, కట్టున్న చేత్తోనే నా వైపు చూపించారు.

బైకు మీదవాళ్ళు వీడియో తీశారు. మేం ఆసుపత్రి మెట్లెక్కే లోపు నా ఫోను మోగింది. అమ్మ.

"ప్రసన్నా! టీవీలో నువ్వు కనబడుతున్నావేంటే? 'కారులో ఉన్న మహిళ ఎవరు' అని అడుగుతున్నారు. ఆయన్నెందుకు కొట్టావే?"

"నేను కొట్టలేదమ్మా, కట్టాను!"

"కట్టేసి కొట్టావా! ప్రభువా!"

ఫోను పెట్టేసింది. చర్చి సంఘంలోని ఆడవాళ్ళందర్నీ పోగేసి హీరోగారి చెయ్యి కోసం, నా బుద్ధి కోసం ఉపవాస ప్రార్థన పెట్టించిందని తర్వాత తెలిసింది. చెయ్యి సంగతి ఆ పూటే తేలింది. నా బుద్ధి కోసం ప్రార్థన ఇప్పటికీ కొనసాగుతోంది.

అప్పటికి అభిమానులు గేటు బయట గుమిగూడి కొబ్బరికాయలు కొడుతున్నారు. పోలీసులు తాడు కట్టారు. అసలు చేతులు విరిగినవాళ్ళు లోపలికి రాలేక తాడు అవతల నిలబడ్డారు. వాళ్ళను చూశాకే నేను చేసిన పనేమిటో నాకు తెలిసొచ్చింది. మేడమ్ గదిలోకి హీరోగారిని తీసుకెళ్ళాను. ఆవిడ కట్టును అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగా కట్టావు" అన్నారు. చేరినప్పటి నుంచీ నేను ఎదురుచూస్తున్న మాట! "ఎక్కడ విరిగింది?"

"ఎక్కడా విరగలేదు మేడమ్."

"మరి కట్టెందుకు?"

"అసలు దెబ్బ కుడి చేతికి మేడమ్."

"కుడి చేతికి దెబ్బ తగిలిందా?"

"లేదు మేడమ్. దానికీ తగల్లేదు."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే, ఈయనకు ఏ చేతికీ దెబ్బ లేదు. అయినా నువ్వు తప్పు చేతికి కట్టావు."

"అవును మేడమ్."

హీరోగారు ఫక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. రంపం తెప్పించి, అది చర్మాన్ని కొయ్యదని తన అరచేతికే ఆనించి చూపించి, కట్టును రెండు చెక్కలుగా తీసేశారు. అంతసేపూ హీరోగారు కళ్ళు గట్టిగా మూసుకుని నర్సు చెయ్యి పట్టుకున్నారు.

ఆయన వెళ్ళాక మేడమ్ గొంతు తగ్గింది. ఎంతలా అంటే, నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"కత్తి పట్టే ముందు ఏ చెయ్యో పేషెంటునే అడగాలి. అడిగి ఆ చేతి మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. ఎందుకు చెబుతామనుకున్నావు? ఇవాళ ఆయన నీకు చెయ్యి ఇచ్చేసి కళ్ళు మూసుకున్నాడు. మన బల్ల మీద పడుకునేవాళ్ళందరూ అదే చేస్తారు, ప్రసన్నా."

నవ్వుల కథ మధ్యలో ఇదేంటంటారా? నాకూ ఆ క్షణంలో నవ్వు రాలేదండీ. కళ్ళ నీళ్ళొచ్చాయి. శిక్షణ నుంచి పంపించేస్తారనే అనుకున్నాను.

ఇంతలో విలేకరులు తలుపు దాకా వచ్చేశారు. మైకులు మేడమ్ ముఖం మీద పెట్టి, "హీరోగారి చెయ్యి ఎలా ఉంది మేడమ్? ఎవరికి గాయం?" అని ఒకటే ప్రశ్నలు.

మేడమ్ నన్నొకసారి చూశారు. "చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. దెబ్బ మా డాక్టరమ్మ గర్వానికి తగిలింది. రేపటి నుంచి డ్యూటీకి వస్తుంది" అన్నారు.

పాట ఆ సాయంత్రమే తీశారు. ఆసుపత్రి సీను మర్నాడు ఆ మేజోడు కట్టుతోనే తీశారు. సినిమా చూసిన ఒక్క డాక్టరూ నవ్వలేదు. నాకు పడిన శిక్ష వేరే. కొత్తగా శిక్షణకు చేరే ప్రతివారికీ మొదటి రోజు ఈ కథ నేనే నిలబడి చెప్పాలి.

చెప్పీ చెప్పీ అది ఎముకల్లోకి ఇంకిపోయింది. ఎంతలా అంటే, నా పెళ్ళి రోజున చర్చిలో పాస్టరుగారు "ఉంగరం తొడగమ్మా" అనగానే, "ఏ చేతికండీ?" అన్నాను. చూపించారు. "కచ్చితంగా ఇదేనాండీ?" అన్నాను. పెళ్ళికొడుకు బిక్కముఖం వేశాడు. నేను పూలగుత్తి కింద దాచుకున్న పెన్ను తీసి ఆయన చేతి మీద గుర్తు పెడుతుంటే, ముందు వరుసలోంచి రుక్మిణి మేడమ్ లేచి చప్పట్లు కొట్టారు.

కాబట్టి పాఠకమహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో అడక్కుండా ఎవరి చెయ్యీ పట్టుకోను. పట్టుకున్నవాళ్ళలో విరగనివాళ్ళకి కట్టు కట్టను. సెల్ఫీ చూపించి వైద్యం చెయ్యమన్న మనిషిని, ఆయన ఎంత పెద్ద హీరో అయినా సరే, కళ్ళ డాక్టరు దగ్గరికి పంపేసి, వెనకాలే నేనూ వెళ్ళి నా కళ్ళు చూపించుకుంటాను.