గోంగూర కింద క్రాంకు పిన్ను

బస్సు ఒక్క కుదుపుతో ఆగి, పక్కసీటు పెద్దాయన సంచిలో ఇనుము ఖంగుమన్న క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. బయట సైనికులు. మా తాతలు వలసొచ్చిన ఆ పరాయి దేశపు ఊళ్లో ఊరేగింపులు, కాల్పులు సాగుతున్న రోజులవి. "అమ్మ తల్లీ" అని పైకే అనేశాను.

తెలుగు మాట వినగానే ఆయన నావైపు తిరిగాడు.

"మనోళ్లేనా? బయపడకమ్మా, బాంబు కాదు. పాత టూ-స్ట్రోక్ బండి ఇంజన్లో తిరిగే క్రాంకు. మహా అయితే పెటపెటమంటది."

"ఇంత బరువు ఎక్కడికి బాబాయ్? నేను తామ్వే పేటలో దిగిపోతాను."

"నేనూ తామ్వేకే. బయటి దేశాల్నుంచి సామాను రాటం లేదు కదా, దీని పిన్ను నేనే లేతు మిషను మీద కోసి చేసేను."

సైనికులు బస్సెక్కారు. ఆయన నూనె కాగితంలో చుట్టిన వేలెడంత ఉక్కు పిన్నును నా సంచిలో గోంగూర కిందకి దూర్చాడు.

"తామ్వేలోనే కదా దిగుతావు? సంచిలో మిగతా ఇనుము పోతే పోనీ. ఇలాటి ఉక్కు మళ్లీ దొరకదు. తరవాతొచ్చి అట్టుకెళ్తాను."

వాళ్లు ఆయన సంచి విప్పి, ఇనుము చూసి ఆయన్ని కిందకి దింపేశారు. దిగుతూ ఆయన నావైపు చూడనేలేదు, నన్ను ఎరగనట్టే వెళ్లాడు. బస్సు కదిలాక గుర్తొచ్చింది, ఆయన నా పేరూ ఇల్లూ అడగలేదని.

మర్నాడు పొద్దున్న మా పిల్లలు నా సంచిలోంచి పిన్ను పట్టుకొచ్చారు. "ఇదేటమ్మా?"

"ఒక తాతది. ఆడుకోకండి, తుప్పు పట్టకుండా నూనె రాయాలి. వస్తే ఇచ్చెయ్యాలి."

"మనిల్లు తాతకి తెలుసా?"

"తామ్వేలో తెలుగోళ్లం ఎంతమందిమి? ఎవర్నడిగినా చెప్తారు" అన్నాను.