మీసాల పురుగు ఆనవాళ్లు

ఆ వీధిలో ఆయన అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ ఆయన ఆనవాళ్లాయనే. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు స్టేషన్లో మెట్ల కింద గదిలో కూర్చుని, తప్పిపోయినవాళ్ల వివరాలు రాసిన గుమాస్తా. మనిషి కనబడకపోతే ఇంటివాళ్లు ఏడుస్తూ వచ్చి, చాలా మంచివాడండీ, ఎవరి జోలికీ పోడండీ అంటారు. మంచితనం చూసి బస్టాండులో మనిషిని ఎలా పోల్చుకుంటాం? ఆయన వాళ్లకి మంచినీళ్లిచ్చి, ఊపిరి తీసుకోనిచ్చి, తీరిగ్గా తవ్వేవాడు. పన్నేదైనా విరిగిందా? ఏ కాలి చెప్పు ముందు అరుగుతుంది? నవ్వితే ఏ కన్ను ముందు మూసుకుంటుంది? ఆయన రాసిన కాగితం చేతిలో ఉంటే మనిషిని వెనక నుంచి కూడా పట్టుకోవచ్చని స్టేషన్లో చెప్పుకునేవారు.

ఆయన మేడమీద గదిలో నేను ఎనిమిది నెలలు అద్దెకున్నాను. తిరిగిన ఊళ్లన్నిటిలోనూ అలాంటి కళ్లు మరో రెండు జతలే చూశాను. ఒకాయన రేవు దగ్గర మంగలి. ముఖాలు గుర్తుండవు గానీ మెడ చూస్తే చాలు, ఫలానావాడి మనవడివి కదూ అనేవాడు. రెండో ఆయన గుర్రాల వైద్యుడు. ఆయన సంగతి ఎత్తుకుంటే మన పురుగు ఎగిరిపోతుంది.

ఆ కళ్లు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అన్నం పెట్టాయి, రిటైరయ్యాక ప్రాణం మీదికి తెచ్చాయి. పెళ్లి కుదరకముందు ఆయన పిల్లను చూసి ఇంటికెళ్తే, ఎలా ఉందిరా అని వాళ్లమ్మ అడిగిందట. ఎడమ కనుబొమ మధ్యలో సన్నటి గాటు, కుడి చెవి తమ్మె ఎడమదానికంటే రవ్వంత కిందికి, మాట్లాడుతుంటే పై వరుసలో నాలుగో పన్ను కనబడుతుంది అని చెప్పాడట. అందంగా ఉందా లేదా అది చెప్పు అంటే, అది ఆనవాలు కిందికి రాదమ్మా అన్నాడట. ఆ మాట అత్తగారి నోటి నుంచి కోడలి చెవిన పడి నలభై ఏళ్లయింది. ఆ తమ్మె కింద మంట ఇంకా ఆరలేదని ఆవిడే నాతో చెప్పింది.

రిటైరైన నెలకే ఎదురింటావిడతో, మీ ఆయన చొక్కాకి నిన్న వెళ్లేటప్పుడు ఏడు గుండీలు, వచ్చేటప్పుడు ఆరు అని చెప్పాడు. ఆయనకి అందులో ఏ దురుద్దేశమూ లేదు. కనబడింది, చెప్పాడు. ఎదురింట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదు. నాలుగో రోజు భార్య ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన చెల్లెలికి అప్పగించింది.

"ఏమే, ఈయన్ని పగలంతా నీ దగ్గరుంచుకో. నీ పురుగుల సంసారాలు ఈయనెంత చూసినా వీధిన పడేవాళ్లు లేరు."

చెల్లెలు పురుగుల మ్యూజియంలో పెద్ద ఉద్యోగి. మాటవరసకి పెద్ద. ఆవిడ కింద పనిచేసేవన్నీ సూదులకు గుచ్చి ఉన్న పురుగులే. రెండో అంతస్తులో పొడవాటి గది, గోడ పొడవునా చెక్క బీరువాలు, ఒక్కోదానికి నలభై అద్దాల సొరుగులు, గదంతా నాఫ్తలీన్ గోళీల వాసన. కిటికీ సరిగా మూతపడదు గనక దాని సందులో ఒక పాత పటం మడిచి దోపారు. ఆ పటంలో ఉన్న దేశాల్లో సగం ఇప్పుడు లేవు. నేను ఆ మడతలు విప్పి చూడబోతే ఆవిడ చేతి మీద కొట్టింది.

ఆవిడ కష్టం ఏమిటంటే ఒక పెంకుపురుగు. ఒళ్లు అంగుళంన్నర, మీసాలు మూడంగుళాలు. మీసాల కోసం ప్రాణమిచ్చే మగవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఒంటికి రెండింతలు పెంచి దర్జాగా మోసుకు తిరిగినవాడు ఒక్కడూ తగల్లేదు. ఈ రకం పురుగులు వేలల్లో ఉన్నాయట. దగ్గరి పోలికలున్న జాతులన్నిటినీ కలిపి ఒక ఇంటివాళ్లుగా కడతారు. ఆ ఇంటిని ప్రజాతి అంటారు. ఆవిడ పురుగు ఏ ఇంట్లోనూ ఇమడదని, దానికి కొత్త ఇల్లు కట్టాల్సిందేనని పదకొండేళ్లుగా ఆవిడ పట్టు. పత్రిక సంపాదకుడు మాత్రం ప్రతిసారీ అదే ఉత్తరం రాస్తున్నాడు: మీరు చెప్పిన లక్షణాలన్నీ ఇప్పటికే ఉన్న ఇళ్లలో ఏదో ఒకదాంట్లో కనబడుతున్నాయి, ఎక్కడా లేనిది ఒక్కటి చూపించండి.

ఇప్పుడు ఆఖరి గడువు ఇచ్చాడు, నెలాఖరు. నెలాఖరుకే ఆవిడ రిటైర్మెంటు కూడా. ఆ తర్వాత ఆ సొరుగు 'తేలనివి' అని చీటీ అంటించుకుని కింది గోదాములోకి పోతుంది. గోదాములోకి పోయిన సొరుగును మళ్లీ ఎవరైనా తెరిచినట్టు ఆ మ్యూజియం చరిత్రలో లేదు. ఇంత అవసరంలో ఆవిడ కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమ కన్ను ఎప్పటి నుంచో అంతంతమాత్రం. ఆరు వారాలు మైక్రోస్కోపు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. నెలాఖరుకి ఉన్నది ఇరవై రెండు రోజులు.

కాబట్టి బావగారి కళ్లు అరువు తీసుకుంది. ఆయన చూసి రాయాలి, ఆవిడ విని దిద్దాలి.

ఆయన మొదటి పురుగును ఒక రోజంతా చూసి రెండు పేజీలు రాశాడు. కుడి మీసం తొమ్మిదో కణుపు దగ్గర విరిగినది. ఎడమ రెక్క పెంకు మీద పాత గీత, గోటితో గీరినట్టు. నడిమి కాలి గోరు ఒకటి లేదు. చూపు ఆగ్రహంగా ఉన్నది. మరదలు ఒంటి కంటితో ఆయన వైపు చూసి అంది:

"బావగారూ, ఇది తప్పిపోయిన పురుగు కాదు. దొరికిన పురుగు."

ఒక్కదాని గాయాలు తనకొద్దని, ఇంటిల్లిపాదికీ ఉండే పోలిక కావాలని చెప్పింది. ఆయన తల ఊపి, సొరుగులో ఉన్న మిగతా ఆరింటినీ అలాగే చూసి, అలాగే రాశాడు. ఏడు పురుగులు, పద్నాలుగు పేజీలు, పన్నెండు రోజులు. ఒకదాన్ని కుంటోడన్నాడు, ఒకదాన్ని పెళ్లికొడుకన్నాడు. పోలికలు రాయమంటే, పోలికలు చూస్తే మనిషి చెయ్యి జారిపోతాడు, ముప్పై ఒక్క ఏళ్లలో నేను నేర్చుకున్నది అదొక్కటే అన్నాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఆ పద్నాలుగు పేజీలూ అక్క మొహాన కొట్టమని ఆయనతోనే ఇంటికి పంపింది.

అక్క మొహాన కొట్టించుకునే రకం కాదు. భోజనాలయ్యాక, ఆయన అలిగి మూడు ముద్దలకే లేచిపోయాక, వంటింటి బల్ల మీద ఆ కాగితాలు ఏడు వరసలుగా పరిచింది. పురుగుల సంగతి ఆవిడకి ఓనమాలు రావు. రాకపోవడమే మంచిదైంది. ఎర్ర పెన్సిల్ తీసుకుని, బియ్యంలో రాళ్లేరినట్టు, ఏడు వరసల్లోనూ లేని మాటనల్లా కొట్టేస్తూ పోయింది. విరిగిన మీసం ఒక్కదానికే, పోయింది. గోరు, పోయింది. ఆగ్రహం ఏడింట్లో రెండింటికే, పోయింది. గంటన్నరలో పద్నాలుగు పేజీలు అయిదు వాక్యాలయ్యాయి. మర్నాడు మొగుడి చేతికిచ్చి పంపింది.

మరదలు ఆ అయిదూ చదివించుకుంది. కన్ను మీసం మొదలు దగ్గర రెండు ముక్కలుగా విడిపోయి ఉంటుంది. మీసంలో మూడో కణుపు మొదటి రెండిటినీ కలిపినదానికంటే పొడుగు. మెడ పెంకు పక్కల ముల్లు వెనక్కి వంగి ఉంటుంది. రెక్క పెంకు కొస ఏటవాలుగా కోసినట్టుంటుంది. ఆవిడ పదకొండేళ్లుగా రాస్తున్నవే ఈ నాలుగూ. సంపాదకుడు వద్దన్నవీ ఇవే. అయిదోది వినగానే ఆవిడ చెయ్యి ఊపేసింది. పొట్ట వైపు, నడిమి కాలికీ వెనక కాలికీ మధ్య, ఎడమ పక్కన ఒక గుంట, చుట్టూ పసుపు వెంట్రుకలు పదిహేడు.

అది సూది పోటు అంది. పెంకుపురుగుని కుడి రెక్క మీద నుంచి సూది దించి గుచ్చడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. ఈ ఏడింటినీ సేకరించిన పెద్దమనిషిది ఎడమచేతి వాటం. ముందు ఎడమ పక్కన గుచ్చడం, నాలిక కరుచుకుని తీసి మళ్లీ కుడి పక్కన గుచ్చడం ఆయనకి అలవాటని మ్యూజియంలో అందరికీ తెలుసు. ఆ గుంట తను మొదటి ఏడాదే చూసి నవ్వుకుంది. కొట్టేయమంది.

ఆనవాళ్లాయన కొట్టేయలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. స్టేషన్లో కూడా ఆయన పెద్ద అధికారుల ముందు తప్ప లేచినట్టు ఎవరూ చెప్పలేదు.

"పోటు పై నుంచి దిగిందంటున్నావు. అయితే పైన రంధ్రమేదీ?"

ఆయన ఏడు పురుగుల ఎడమ రెక్కలూ చూశాడు. గీతలున్నాయి, మచ్చలున్నాయి, రంధ్రం ఒక్కదానికీ లేదు. దిగిన దారి లేకుండా తేలిన గాయం తన సర్వీసులో లేదన్నాడు. పైగా ఆ వెంట్రుకలన్నీ దువ్వినట్టు లోపలికి వంగి ఉన్నాయి. పొడిచినచోట ఎవరికీ అంత శ్రద్ధగా వెంట్రుకలు మొలవవు. మరి కుడి పక్కన ఎందుకు లేదంటారు అని ఆవిడ అడిగింది. కుడి పక్కన మీ సూది సరిగ్గా అక్కడి నుంచే బయటికొచ్చింది, సాక్ష్యం మీరే చెరిపేశారు అన్నాడు.

ఆవిడ గోళీల డబ్బా మూత బిగించి, కింది అరలో వెనకెక్కడో సీసాలో, చెడకుండా సారాలో వేసి ఉంచిన పురుగొకటుండాలి, దానికి సూది తగల్లేదు, తీయండి అంది. ఆ సీసా వెతకడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆ గదిలో ఏదీ పోదు గానీ ఏదీ దొరకదు. ఆయన ఎనిమిదో పురుగును గాజు పళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టి, అద్దం దించి చూశాడు. ఎడమ పక్క గుంట, పదిహేడు. కుడి పక్క గుంట, పదిహేడు.

ఆ మాట చెప్పినప్పుడు నేను గుమ్మంలో ఉన్నాను, వాళ్లిద్దరికీ భోజనం డబ్బా తెచ్చి. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొహం ఇంకా పాలిపోయింది. ప్రపంచంలో ఏ మీసాల పురుగుకీ అలాంటి గుంటలు రాయబడలేదు. నిజమైతే కొత్త ఇల్లు లేచినట్టే. కాకపోతే, రిటైరవుతూ ఆవిడ సూది పోట్లను అవయవాలని రాసి పోయిందని ఆ రంగంలో నలుగురూ ఆవిడ చచ్చేదాకా, చచ్చాక కూడా నవ్వుకుంటారు. ముప్పై ఏళ్లలో తన కంటితో చూడని దాని కింద ఆవిడ సంతకం పెట్టలేదు. గడువు ఇంకా తొమ్మిది రోజులు. కంటికట్టు విప్పడానికి నాలుగు వారాలు.

"బావగారూ, మీరు రాసినదాన్ని బట్టి ఎప్పుడైనా వేరే మనిషిని తెచ్చారా?"

ఆయన అబద్ధం ఆడలేదు. రెండుసార్లు అన్నాడు. ఒకసారి కవలలు. రెండోసారి, ఒకావిడ మొగుడి పాత ఫొటో చూస్తూ వివరాలు చెప్పింది, పెళ్లినాటి ఫొటో. ఆ ఫొటోలాగే ఉన్న వేరే కుర్రాణ్ణి తెచ్చి ఇచ్చారు. ఆవిడ తిరిగి పంపడానికి రెండు రోజులు ఆలోచించిందట.

"ఆ రెండూ నేను చూసి రాసినవి కాదు, విని రాసినవి," అన్నాడు. "దీన్ని నేను చూశాను."

ఆవిడ కలం అడిగింది. కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే వేలు పెట్టి చూపించాడు. చేయి కాగితం దాటిపోయి గీత బల్ల మీదికి కూడా పాకింది.

సంపాదకుడి జవాబు ఆవిడ ఆఖరి పనిదినం నాడు, వీడ్కోలు సభకి కుర్చీలు సర్దుతుండగా వచ్చింది. అయిదో లక్షణం ఒక్కటీ చాలు, మొదటి నాలుగూ మర్యాద కోసం ఉంచుతున్నాం, కొత్త ప్రజాతిగా అచ్చు వేస్తున్నాం అని రాశాడు. సభలో ఆవిడ గురించి నలుగురు మాట్లాడారు, ఏం మాట్లాడారో ఆవిడ ఒక్క ముక్క వినలేదు. దండ మెడలో ఉండగానే అక్కను పట్టుకుని ఏడ్చింది. ఎడమ కంటితోనే ఏడవవే, రెండోదాన్ని తడపకు అని అక్క హెచ్చరించింది.

కట్టు విప్పిన రోజు ఆవిడ ఇంటికి కూడా వెళ్లకుండా ఆసుపత్రి నుంచి తిన్నగా మ్యూజియానికి వచ్చింది. ఆ కుర్చీ ఇప్పుడు ఆవిడది కాదు, అయినా ఎవరూ లేవమనలేదు. మైక్రోస్కోపు మీద వంగి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు చూసింది. వెనక నిలబడ్డ ఆనవాళ్లాయన చేతులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు.

"గుంట ఉంది," అంది చివరికి. "కానీ బావగారూ, వెంట్రుకలు పద్దెనిమిది. పదిహేడని అచ్చు వేయించారు."

ఆవిణ్ణి పక్కకి జరిపి ఆయన చూశాడు. పదిహేడే. ఆవిడ చూసింది. పద్దెనిమిది. మళ్లీ ఆయన, మళ్లీ ఆవిడ. చివరికి ఆయన పురుగును వదిలేసి, అద్దం మీద వంగి ఉన్న మరదలి ముఖాన్ని పక్క నుంచి, స్టేషన్లో చూసినట్టు చూశాడు.

"పద్దెనిమిదోది నీ కనురెప్పది," అన్నాడు.