ఏడో మంచం దగ్గర పది నిమిషాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, నా పదవీ విరమణకు ఇంకా పది నెలలుందనగా, తిరువూరులో ఒక ఆసుపత్రికి అనుబంధంగా కొత్తగా పెట్టిన నర్సింగ్ స్కూలుకు సీనియర్ ట్యూటర్‌గా వెళ్ళాను. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు వార్డుల్లో స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా చేసి, ఆ తరువాత పన్నెండేళ్ళు ట్యూటర్‌గా ఉన్నాను. ట్యూటర్ అంటే తరగతి గదిలో చెప్పిన పాఠాన్ని వార్డులో రోగి పక్కన నిలబడి పిల్లల చేత చేయించే మనిషి. ప్రిన్సిపాల్‌కు లోబడి, స్టాఫ్ నర్సులకు కాస్త ఎడంగా మా స్థానం ఉంటుంది. పిల్లలకు మేమంటే భయం, నర్సులకు మేమంటే విసుగు. ఈ రెండూ అలవాటైతే తప్ప ఆ ఉద్యోగం చేయలేం.

నాకు అప్పగించింది మొదటి సంవత్సరం జనరల్ నర్సింగ్ ప్రవేశాలు. ఇంటర్ మార్కులు, ఇంటర్వ్యూ చూసి నలభై మందిని తీసుకునేవాళ్ళం. తీసుకున్నంత మాత్రాన సీటు ఖాయమైనట్టు కాదు. మొదటి ఎనిమిది వారాలు పరిశీలన కాలం, దాని చివర వార్డు పరీక్ష. అందులో నిలిచినవాళ్ళ పేర్లే పై బోర్డుకు పంపే జాబితాలో చేరతాయి. తప్పినవాళ్ళ సీటు వెనక వరుసలో ఎదురు చూస్తున్నవాళ్ళకు పోతుంది. ఇది మా యాజమాన్యం సొంతంగా పెట్టుకున్న పద్ధతి. కఠినమైనదే గాని నాకు నచ్చేది. తొందరపాటు మనిషిని మూడేళ్ళు చదివించి వార్డు మీదికి వదలడం కంటే ఎనిమిది వారాల్లో ఇంటికి పంపడమే మేలని నా నమ్మకం.

ఆ నలభై మందిలో రత్నకుమారి ఒకతె. ఊరు గంపలగూడెం అవతలి పల్లె. తల్లీ తండ్రీ పత్తి చేలల్లో కూలికి వెళ్ళేవారు. తక్కిన పిల్లలకు పద్దెనిమిది దాటలేదు, ఈమెకు ఇరవై ఆరు. ఇంటర్ బైపీసీ పాసై ఎనిమిదేళ్ళు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర పని చేసింది. ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకపోయినా పల్లెల్లో జ్వరాలకూ నొప్పులకూ మందిచ్చే వైద్యుడు. ఆయన చీటీ రాస్తే ఈమె సూది వేసేది. చదువు ఆపేసిన ఆ ఎనిమిదేళ్ళకూ తహసీల్దారు కార్యాలయం నుంచి గ్యాప్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికే నెల తిరిగిందట.

ఇంటర్వ్యూలో నేను ఆమెను తీసుకోవద్దన్నాను. కొత్త చేతికి నేర్పడం సులువు. చెయ్యి తిరిగిన మనిషి చేత మాన్పించడమే కష్టం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, వార్డులో అలవాటైన బుద్ధి అంతకంటే మొండిది. అన్నీ వచ్చుగా, ఇంకా చదువెందుకని కాస్త వెటకారంగానే అడిగాను.

"సూది వెయ్యడం వచ్చు మేడం. ఎందుకు వేస్తున్నానో తెలీదు. అది తెలుసుకోకుండా ఇంక వెయ్యలేను," అంది.

ప్రిన్సిపాల్ సరోజినిగారు ఆ మాటకే సీటిచ్చేశారు. చేర్చుకున్నది ఆవిడ, మోయాల్సింది నేను. తరువాత తెలిసిందేమంటే, ఈమె ఇటు రాగానే ఆర్‌ఎంపీ వేరే అమ్మాయిని పెట్టుకున్నాడు. ఇక్కడ తప్పితే మళ్ళీ పత్తి చేనే. ఇంకో ఏడాది ఇంకో చోట చేరదామన్నా, ఇంట్లోవాళ్ళు ఒక్కసారికే ఒప్పుకున్నారు.

ఎనిమిది వారాలూ పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి ఏడున్నరకల్లా ప్రాక్టికల్ గది ముందు నిలబడేది. ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేది. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం, సిరంజిని ట్రేలో కాక వేళ్ళ మధ్య పట్టుకుని నడవడం, ఇలాంటివన్నీ ఒక్కొక్కటే మాన్పించాను. తప్పు చేసినప్పుడల్లా "ఆర్‌ఎంపీ చెయ్యి" అని నలుగురిలో అనేదాన్ని. అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

అందరికీ మొదటి వారమే నేర్పిన నియమం ఒకటుంది. మందు ఇచ్చే ముందు రోగి పేరు మనం పలకకూడదు, రోగి చేతనే చెప్పించాలి. "ఫలానావారేనా?" అని అడిగితే మన పల్లెల్లో పెద్దవాళ్ళు నర్సమ్మను కాదనడం ఎందుకని దేనికైనా "ఆఁ" అంటారు. అందుకని "మీ పేరు చెప్పండి" అనే అడగాలి. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే పక్కనున్న మనిషి చెప్పాలి. చేతికి కట్టే పేరు పట్టీలు అప్పటికి మా ఆసుపత్రిలో లేవు. తరువాత వచ్చాయి.

ఆ పక్కనున్న మనిషి తరచుగా భార్యే అవుతుంది. మా ప్రాంతంలో పాతకాలపు ఆడవాళ్ళు భర్త పేరు నోటితో పలకరు. పలికితే ఆయుక్షీణమని కొందరు, మర్యాద కాదని కొందరు. ఒకరిని అనడమెందుకు, ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనూ మావారి పేరు ఫారాల్లో రాశానే తప్ప ఒక్కసారీ పైకి అన్న పాపాన పోలేదు. వార్డులో ఈ చిక్కు రాగానే అనుభవమున్న నర్సులు ఏం చేస్తారంటే, పేరు తామే చదివి, ఆవిడ తలూపగానే పని కానిస్తారు. నేనూ లెక్కలేనన్నిసార్లు అలాగే కానిచ్చాను. పిల్లలకు మాత్రం ఒద్దని చెప్పేదాన్ని.

పరీక్ష బుధవారం పెట్టాం. జాబితా శుక్రవారం బోర్డుకు వెళ్ళాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. కేస్ షీటు చదవాలి, మందూ మోతాదూ సరిచూడాలి, రోగిని గుర్తించాలి, అన్నీ అయ్యాక "సిద్ధం" అనాలి. అప్పుడు సూది వేసేది ట్యూటరే. కొత్త పిల్లల చేతికి సూది ఇవ్వం. "సిద్ధం" అనడానికి ముందున్నదే పరీక్ష. పది నిమిషాలు దాటితే తప్పినట్టే. నేనూ సరోజినిగారూ పరీక్షకులం. గడియారం ఆవిడ చేతిలో, చెక్ లిస్టు నా చేతిలో.

రత్నకుమారికి మగవాళ్ళ వార్డులో ఏడో నంబరు మంచం వచ్చింది. మంచం చివర తగిలించిన కేస్ షీటులో తోట వెంకటేశ్వరరావు అని ఉంది. షుగరు రోగి. ఆరున్నరకు చూసిన షుగరు ఎక్కువగా ఉంది, టిఫినుకు ముందు ఇన్సులిన్ వేయాలి. మందు లెక్క ప్రకారం ఎక్కించిన సిరంజి నా ట్రేలో ఉంది. మంచం మీద ఒక పెద్దాయన మగతగా పడుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద భార్య.

రత్నకుమారి షీటు చదివింది, మోతాదు సరిచూసింది. తప్పు లేదు. పెద్దాయన భుజం తట్టి పేరడిగింది. ఆయన కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. అప్పుడు భార్యను అడిగింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ అట్ట మీద రాశారుగా తల్లీ," అంది. మళ్ళీ అడిగితే, పెద్దోడు కాఫీకి వెళ్ళాడు, వచ్చి చెప్తాడంది. రత్నకుమారి వార్డు గుమ్మం వైపు చూసింది. ఎవరూ రావడం లేదు.

ఆరు నిమిషాలైందని సరోజినిగారు అన్నారు. కాసేపటికి ఏడన్నారు. ఆ పిల్ల మెడ మీద చెమట పట్టడం నాకు కనబడుతోంది. ఎనిమిది వారాలు తిట్టి తిట్టి నేర్పిన పిల్ల ఒక ముసలావిడ సిగ్గు వల్ల సీటు పోగొట్టుకుంటుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఎనిమిది నిమిషాలు అన్నారు. ఇక ఉండబట్టలేక, పరీక్షకురాలు చేయకూడని పని చేశాను. ముసలావిడ వైపు వంగి, "వెంకటేశ్వరరావుగారే కదమ్మా?" అన్నాను.

ఆవిడ గండం గడిచినట్టు గబగబా తలూపింది.

"అయిపోయింది. సిద్ధం అని చెప్పు," అన్నాను. అప్పటికే సిరంజి నా చేతిలోకి తీసుకున్నాను.

రత్నకుమారి నా వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. సిద్ధం అనలేదు. ముసలావిడ ముందు గొంతుక్కూర్చుంది.

"మామ్మా, పేరు చెప్పకులే. మీ ఇంటిపేరేంటో చెప్పు."

"గుంటుపల్లోళ్ళం తల్లీ. మాది రెడ్డిగూడెం," అంది ఆవిడ ఏ సంకోచమూ లేకుండా. భర్త పేరు పలకని మనిషికి ఇంటిపేరు పలకడానికి అడ్డేముంది? అడగాలని నాకు ముప్పై ఏళ్ళలో తట్టలేదు.

షీటులో ఉన్నది తోట. మంచం మీద ఉన్నది గుంటుపల్లి. ఇద్దరూ వెంకటేశ్వరరావులే.

ఈ మంచం మీదికి ఎప్పుడు వచ్చారని రత్నకుమారి అడిగితే సంగతి బయటపడింది. వీళ్ళది పన్నెండో నంబరు. అక్కడ ఫ్యాను తెల్లవారుజామున ఆగిపోయింది. వాన వెలిసిన ఉక్క. ఏడో మంచం రోగిని ఏడింటికి ఎక్స్‌రేకి తీసుకెళ్తే మంచం ఖాళీగా కనబడింది, పైన ఫ్యాను తిరుగుతోంది. అందాకా ఉంచుదామని కొడుకు తండ్రిని ఎత్తుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఫ్యాను కింద పడుకోవడానికి అనుమతి కావాలని వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? కేస్ షీటు మనిషితో వెళ్ళాలి. అది మంచంతోనే ఉండిపోయింది. అది నర్సుల తప్పు, పొద్దున చూసుకోని నా తప్పు.

పెద్దాయనకు షుగరు లేదు. జ్వరంతో వచ్చాడు, రెండు రోజులుగా గంజి కూడా సరిగ్గా దిగడం లేదు. ఖాళీ కడుపు మీద ఆ ఇన్సులిన్ పడితే షుగరు ఒక్కసారిగా దిగిపోయేది. ఎలాగూ మగతగానే ఉన్నాడు కాబట్టి మత్తు ముదిరిన సంగతి కూడా మాకు వెంటనే తెలిసేది కాదు. సిరంజి ట్రేలో పెట్టేశాను. కంచే చేను మేయబోయిందన్న మాట నాకు నేనే అనుకున్నాను.

"టైమైపోయింది," అన్నారు సరోజినిగారు నెమ్మదిగా. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది.

మధ్యాహ్నం సరోజినిగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. చెక్ లిస్టు ప్రకారం రత్నకుమారి తప్పింది. పాసు చేయాలంటే ఆలస్యం ఎందుకైందో రాయాలి. అది రాస్తే పరీక్షకురాలు నియమం మీరిందనీ, "సిద్ధం" అనకముందే సూది పట్టుకుందనీ రాయాలి. ఆ కాగితం ఆసుపత్రి కమిటీకి వెళ్తుంది. ఆవిడ నా మేలు కోరే మనిషే. వార్డులో గందరగోళం వల్ల పరీక్ష రద్దయిందని రాసేద్దాం, రిటైరయ్యే ముందు మీకెందుకండీ ఈ మచ్చ అన్నారు. మరి ఆ అమ్మాయి సంగతి ఏమిటని అడిగాను. జాబితా శుక్రవారం వెళ్ళిపోతుంది కదా, వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

వచ్చే ఏడు ఆమెను ఇంట్లో పంపరని నాకు తెలుసు. అయినా వెంటనే కాదనలేదు. సాయంత్రం దాకా ఆలోచించాను. ముప్పై ఏళ్ళలో ఒక్క మెమో లేదని గొప్ప చెప్పుకునేదాన్ని. అది పోతుందన్న బాధ ఆ పిల్ల సీటు పోతుందన్న బాధ కంటే చిన్నదేమీ కాదు ఆ పూట. ఇప్పుడు ఎవరికీ భయపడనక్కర్లేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను. చివరికి రెండు పేజీల నివేదిక రాశాను. పేరు నేను పలికానని రాశాను. "సిద్ధం" అనమని ఒత్తిడి చేశానని రాశాను. విద్యార్థిని ఒప్పుకోకపోవడం వల్లే ప్రమాదం తప్పిందని రాసి, ఉత్తీర్ణురాలిగా నమోదు చేయాలని సిఫార్సు చేసి సంతకం పెట్టాను. సరోజినిగారు చదివి, కింద తనూ సంతకం పెట్టారు.

శుక్రవారం వెళ్ళిన జాబితాలో ఆమె పేరుంది. ఆ పై వారం నాకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. వార్డు పరీక్షల బాధ్యత నుంచి తప్పించారు. రిటైరయ్యే దాకా తరగతి పాఠాలే చెప్పాను.

ప్రవేశ ఫారం మీద సంతకానికి వచ్చినప్పుడు రత్నకుమారిని ఒకటే అడిగాను. టైమైపోతోందని భయం వేయలేదా అని.

"వేసింది మేడం. కానీ మీ చేతిలో సూది చూస్తే ఇంకా భయమేసింది," అంది. ఇంటిపేరు అడగడం ఎక్కడ నేర్చుకున్నావంటే, ఆర్‌ఎంపీ దగ్గర అంది. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ మొగుడి పేరు చెప్పరు కదా, మందుల చీటీకి ఇంటిపేరే అడిగేదాన్నని చెప్పింది. ఆ తరువాత నేను ఎవరినీ ఆర్‌ఎంపీ చెయ్యి అనలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయమే. నియమాన్ని నలుగురికి చెప్పగలిగినంత మాత్రాన అది మనకు వచ్చినట్టు కాదు. తొందరలో, జాలిలో కూడా చెయ్యి దాన్ని దాటకపోతేనే వచ్చినట్టు. నేను ఆ రోజు దాటింది జాలి వల్లే.

పోయిన వేసవిలో మావారికి కంటి ఆపరేషన్ అయింది. మత్తు సూదికి ముందు ఒక చిన్న నర్సు వచ్చి పేషెంటు పేరు చెప్పండమ్మా అంది. ఆయనకు చెవుడు, నా వైపు చూశారు. నాకు నోరు పెగల్లేదు. ఆ అమ్మాయి కాగితం చూసి తనే చదవబోయింది.

"నువ్వు చదవకమ్మా, నేను చెప్తాను," అన్నాను.

చెప్పాను, ఇంటిపేరుతో సహా. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళకు అదే మొదటిసారి.