బురద పైపుకి మీటరు ఏరిన భాయ్

బుధవారం పొద్దున పూతలపట్టులో బస్సు దిగినాను. టీ అంగడాయప్ప పిలిచి, "ఒరే, మీ ఫోర్‌మెన్ భాయ్ పోయినాడంట" అన్నాడు. నేను ఊరందరికీ అబద్ధాలు చెప్పి ఉడికించేవాణ్ణి గదా, ఆ కసి తీర్చుకుంటా ఉండాడనుకోని నవ్వినాను. ఆయప్ప నవ్వలేదు.

ఏడో తరగతి తప్పి టైల్స్ ఫ్యాక్టరీలో చేరిన నాకు పని నేర్పింది భాయే. ఒకసారి ఆయన టీలో ఉప్పేసినాను. గ్లాసు కడదాకా తాగి, "బాగుండాదిరా కోతీ, ఇంకోటి తెప్పించు" అన్నాడు. ఇంగ నేనేం నవ్వేది?

మా ఫ్యాక్టరీలో మన్నూ రాతిపొడీ నీళ్లుపోసి రుబ్బితే దోసెపిండి మాదిరి బురదొస్తాది. అది పైపులో ఎంత పారతా ఉండాదో చెప్పే మీటరు కొనాల్సొచ్చింది. చవగ్గా వస్తాదని, లోపల చక్రం తిరిగేది కొందామన్నాడు మేనేజరు. భాయ్ బురదను వేళ్ల మధ్య నలిపి సూసినాడు.

"గరుసుండాది సార్. చక్రాన్ని నెలలో నమిలేస్తాది. లోపల యేదీ అడ్డం లేని అయస్కాంతం మీటరు తెప్పించండి. తప్పయితే నన్ను ఈ పనిలోనుంచి తీసేయండి."

మీటరొచ్చింది. బురద కిందనుంచి పైకెక్కే నిలువు పైపులో తనే బిగించినాడు. "పైపు నిండా పారకపోతే యే మీటరైనా అబద్ధమే చెప్తాదిరా, నీ మాదిరి" అన్నాడు.

మేనేజరు సూసేదానికి వచ్చే ముందర నేను మీటరు ఎర్తు వైరు ఊడదీసినాను. అది లేకుంటే అంకెలు గంతులేస్తాయి. భాయ్‌కి రెండు నిమిషాలు చెమటలు పట్టిచ్చి, మళ్లీ తగిలిద్దామనుకున్నా. అంతలోనే మేనేజరు వచ్చేసినాడు.

"ఇదేనా భాయ్, నువ్వు ఏరిన మీటరు? పీకి పంపించెయ్!"

భాయ్ వైరును సూసినాడు, నన్ను సూసినాడు. చెప్తే నా పని పోతాది. ఇంట్లో నాకు నెల బిడ్డ. "తప్పు నాదే సార్" అన్నాడు.

ఆయన్ని గేటు కాడ వాచ్‌మెన్‌గా కూర్చోబెట్టినారు. దాని బదులు బిగించిన చక్రం మీటరు నెలకే అరిగిపోయింది. మళ్లీ అయస్కాంతందే తెప్పించినారు. భాయ్‌ని మాత్రం గేటు కాడనుంచి ఎవురూ పిలవలేదు. రోజూ ఆ గేటులోనే నేను పోతా వస్తా ఉన్నాను. రోజూ ఈ పొద్దు చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఏండ్లు పోయినాయి.

మట్టి చేసి వచ్చినాక ఆయన పెండ్లాం పిలిచింది. "నువ్వొస్తే ఆయన కడుపుబ్బ నవ్వేవాడు గదా. యేదన్నా ఒకటి చెప్పప్పా."

వైరు సంగతి చెప్పినాను.

ఆమె అడిగింది, "ఆయనకి తెలుసునా?"

"తెలుసునక్కా."

ఆమె లేచి, దండెం మింద ఆరతా ఉన్న వాచ్‌మెన్ చొక్కా తెచ్చుకునింది. ఒడిలో పరుచుకోని, కిందనుంచి పైదాకా ఒక్కొక్క గుండీ పెడతా కూచున్నింది.